షిఫ్టుకీ షిఫ్టుకీ నడుమ పెరడు

భిలాయి సెక్టర్ 2లో మేం పెరిగిన క్వార్టరుకి వెనక ఒక పెరడు, ముందు నాలుగు మడులకు సరిపడే జాగా ఉండేవి. నేల కంపెనీది, కుళాయి నీళ్లూ కంపెనీవి. పండింది మాత్రం మాది. నాన్న నైట్ షిఫ్ట్ దిగి ఆరున్నరకల్లా ఇల్లు చేరేవారు. సైకిలు గోడకి ఆనించి, బూట్లు విప్పకుండానే పెరట్లోకి నడిచి ఆనపపాదు మొదట్లో చెయ్యిపెట్టి తడి చూసేవారు. కుళాయి వచ్చే వేళ అదే. రెండు బిందెలు వంటింటికి, ఆ తర్వాత గొట్టం పాదులకి. అవన్నీ అయ్యాకే టీ, నిద్ర. ఆ టీ తాగుతూ ఏడాదికి ఒకసారైనా ఆయన అనే మాట ఒకటుంది: "రిటైరయ్యాక ఊరెళ్లిపోయి సాగు చేసుకుంటాను."

ఆ మాట మా ఇంటి ఒక్కదానిదే కాదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రూపంలో వినపడేది. ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న పిల్లలు అంటున్నారు, అమెరికాలో ఉన్నవాళ్లూ అంటున్నారు. జీతం వదలకుండా మన తిండి మనం పండించుకునే జీవితానికి చేరుకోగలమా? చేరుకోవాలంటే ఉద్యోగం ఎప్పుడు మానాలి, అసలు మానాలా? ఈ ప్రశ్నని ఉక్కు పట్నంలో నిలబడి చూస్తే కొన్ని సంగతులు బాగా కనిపిస్తాయి. ఎందుకంటే రైతుబిడ్డల్ని కార్మికులుగా మార్చడమే ఈ ఊరు పుట్టిన నాటి నుంచీ చేస్తున్న పని.

ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న భిలాయిలో ఉక్కు ప్లాంటు కట్టడానికి 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించారు. అంతకుముందు ఇదంతా వరి నేల. మనవాళ్లకి ఇక్కడికి దారి చూపించింది రైలు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్‌కి లైను 1931లోనే పూర్తయింది. ప్లాంటు కడుతున్న రోజుల్లో మట్టి మొయ్యడానికీ, ఆ తర్వాత ఫర్నేసుల దగ్గరా మిల్లుల్లోనూ పని చేయడానికీ వచ్చినవాళ్లలో ఉత్తరాంధ్ర వాళ్లు చాలామంది. ఖుర్సీపార్, క్యాంపులు, సెక్టర్లు నిండాయి. వచ్చినవాడి చేతికి నాగలి తెలుసు, రోలింగ్ మిల్లు తెలియదు. ముప్పై ఏళ్లు తిరిగేసరికి ఆ చేతికి మిల్లు తెలిసింది. నాగలి సంగతే మనం ఆలోచించాల్సింది.

పల్లెతో సంబంధం తెగని కార్మికుడు మన దేశంలో పాత కథే. 1929లో వేసిన రాయల్ లేబర్ కమిషన్ 1931లో ఇచ్చిన నివేదికలో దీనిమీద పెద్ద చర్చ ఉంది. కోతల కాలం రాగానే మిల్లు ఖాళీ అవుతోందని యజమానులు మొత్తుకుంటున్న రోజులవి. కమిషన్ మాత్రం పల్లెతో బంధం కార్మికుడికి మేలు చేసేదేననీ, దాన్ని తెంచే పని పెట్టుకోకుండా క్రమపద్ధతిలో పెట్టాలనీ చెప్పింది. నాకు ఆ నివేదికలో నచ్చిన సంగతి ఇదే. జబ్బు చేసినప్పుడు, పని పోయినప్పుడు, ముసలితనంలో మనిషిని కాసేది పల్లెలోని ఆ గుడిసే, ఆ గట్టే అని పరాయి పాలనలో కూర్చున్న పెద్దలు కూడా గుర్తించారు.

భిలాయి విషయానికొస్తే లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి చెందిన మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ 1993 నుంచి ఏళ్ల తరబడి ఇక్కడ తిరిగి పరిశోధించి, 2020లో ఒక పెద్ద పుస్తకం తెచ్చారు. ప్లాంటు చుట్టూ ఉన్న పల్లెల్లో పొలమూ ఉద్యోగమూ రెండూ ఉన్న ఛత్తీస్‌గఢీ కుటుంబాల గురించీ, పర్మినెంట్ ఉద్యోగికీ కాంట్రాక్టు కూలీకీ మధ్య పెరిగిన అగాధం గురించీ ఆయన రాసింది చదివితే ఒక విషయం గట్టిగా తగులుతుంది. ప్లాంటు జీతంతో పెరిగిన కొడుకు పొలం పనిని తన స్థాయికి తగనిదిగా చూస్తాడు. తండ్రి రెండు లోకాల్లోనూ కాలు పెట్టి నిలబడ్డాడు, కొడుక్కి ఒక లోకమే మిగిలింది. మన తెలుగు ఇళ్లలోనూ జరిగింది ఇదే. పెరట్లో నాన్నకి గొట్టం అందించిన పిల్లాడు పదో తరగతికి వచ్చాక ఆ వైపు చూడలేదు. నేనూ చూడలేదు.

ఇక బయటి ప్రపంచం అనుభవం. ఈ దారిలో నడిచినవాళ్లలో మనకి బాగా తెలిసిన మనిషి గాంధీ. ఆంగ్ల రచయిత రస్కిన్ పుస్తకం చదివిన ఊపులో 1904లో డర్బన్ దగ్గర ఫీనిక్స్‌లో వంద ఎకరాలు కొని 'ఇండియన్ ఒపీనియన్' ముద్రణాలయాన్ని అక్కడికి మార్చారు. ప్రెస్సు చుట్టూ నేలని మూడేసి ఎకరాల ముక్కలు చేశారు. పనివాళ్లకి నెలకి మూడు పౌన్లు, మిగతా తిండి నేల నుంచి. పగలు అచ్చు కూర్చడం, తీరిక వేళ సాగు. మనం అడుగుతున్న ప్రశ్నకి ఇది నూటికి నూరుపాళ్లూ ఉదాహరణే. అయితే ఆ ఫీనిక్స్‌ని నిలబెట్టిన డబ్బు జొహానెస్‌బర్గ్‌లో గాంధీ లాయరు ప్రాక్టీసు నుంచి వచ్చింది. తాను నెమ్మదిగా ప్రాక్టీసు మానేసి అక్కడికే వెళ్లి చేతిపని మీద బతకాలనుకున్నాననీ, అది నెరవేరలేదనీ ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. వాయిదా పడుతూ వచ్చిన ఆ కోరిక చదివినప్పుడల్లా నాకు మా పెరట్లో టీ గ్లాసు గుర్తొస్తుంది.

అమెరికాలో రాల్ఫ్ బోర్సోడి 1920లో కుటుంబంతో న్యూయార్క్ నగరం వదిలి సఫర్న్ దగ్గర పల్లెలో స్థిరపడ్డాడు. కోళ్లు, తోట, పిండిమర, కుట్టుమిషను అన్నీ ఇంట్లోనే. నగరంలో సలహాదారు ఉద్యోగాన్ని మాత్రం వదల్లేదు. ఆ అనుభవాన్ని 1933లో పుస్తకంగా రాశాడు. స్కాట్, హెలెన్ నియరింగ్ దంపతులు 1932లో వెర్మాంట్ కొండల్లోకి వెళ్లి రోజుకి నాలుగు గంటలు తిండి కోసం, నాలుగు గంటలు చదువు సంధ్యల కోసం అని పంచుకుని బతికారు. వాళ్లకి ఉద్యోగం లేకపోయినా మేపుల్ చెట్ల పాకం అమ్మకం ఉండేది, పుస్తకాలు ఉపన్యాసాల రాబడి ఉండేది. పిల్లలతో పెద్ద సంసారం లేదు. నియరింగుల పుస్తకం చదివి ఉద్యోగం మానేసేవాళ్లు ఈ మూడూ లెక్కలో వేసుకోవాలని నా మనవి.

అదే కాలంలో అమెరికా ప్రభుత్వం పెద్ద ఎత్తున ప్రయత్నించింది. 1933 నాటి పారిశ్రామిక పునరుద్ధరణ చట్టం కింద రెండున్నర కోట్ల డాలర్లు పెట్టి కార్మికులకు ఇల్లూ, కాస్త నేలా ఇచ్చి, సగం పని ఫ్యాక్టరీలో, సగం తోటలో అనే కాలనీలు కట్టారు. వాటిలో అనేకం కుంటుపడ్డాయి. నేల ఉంది, ఇల్లు ఉంది, వస్తాయనుకున్న ఫ్యాక్టరీలు రాలేదు. తోటలో కూరగాయలు కాస్తాయి గానీ ఇంటి వాయిదా కట్టాలంటే డబ్బు కావాలి కదా. జీతం లేని పెరడు నిలబడలేదన్న సంగతి ఈ ప్రయోగం చూపించినంత స్పష్టంగా మరేదీ చూపించలేదు.

దీనికి అవతలి వైపు అనుభవం సోవియట్ దేశానిది. భిలాయికి ఇది దగ్గరి చుట్టం కూడా. మన ప్లాంటు నక్షాలు గీసిన ఇంజనీర్ల దేశంలో 1949లో ఒక ప్రభుత్వ నిర్ణయం వచ్చింది. కార్మికులకూ ఉద్యోగులకూ తోటల కోసం భూమి ఇవ్వాలి. ఆ భూమి ఫ్యాక్టరీ ద్వారా, యూనియన్ ద్వారా అందేది. పట్నం పరిధిలో ఒక్కో కుటుంబానికి 600 చదరపు మీటర్లు. వాళ్ల భాషలో ఆరు సోత్కాలు, మన లెక్కలో పదిహేను సెంట్లు. శనాదివారాలు ఉక్కు కార్మికుడు పార పుచ్చుకుని ఆ ముక్కకి వెళ్లేవాడు. బంగాళాదుంప, క్యాబేజీ, బెర్రీలు, చలికాలానికి ఊరగాయ జాడీలు. 1991లో దేశం కూలిపోయి, జీతాలు నెలల తరబడి ఆగిపోయినప్పుడు జనాన్ని బతికించినవాటిలో ఆ పదిహేను సెంట్లు ముఖ్యమైనవి. 1990ల చివర రష్యాలో పండిన బంగాళాదుంపల్లో తొంభై శాతం దాకా ఇళ్లవాళ్ల చిన్న కమతాల నుంచే వచ్చాయి.

ఇది చదివాక నాకు కలిగిన బాధ ఒకటుంది. మనం వాళ్ల దగ్గర ఫర్నేసు తెచ్చుకున్నాం, కోక్ ఒవెన్ తెచ్చుకున్నాం, టౌన్‌షిప్ పద్ధతి తెచ్చుకున్నాం, స్నేహానికి గుర్తుగా మైత్రీబాగ్ కట్టుకున్నాం. కార్మికుడికి తోట నేల హక్కుగా ఇచ్చే పద్ధతిని మాత్రం తెచ్చుకోలేదు. మాకు పెరడు ఉన్నది కింది అంతస్తు క్వార్టరు దొరికిన అదృష్టం వల్ల. పై అంతస్తులో ఉన్నవాళ్లకి బాల్కనీలో నాలుగు డబ్బాలు. సెక్టర్లలో ఖాళీ మైదానాలు ఉండేవి, మనుషులకి సాగు తెలుసు, నీళ్లు ఉన్నాయి. ఒక్కో కుటుంబానికి అయిదు సెంట్లు రాసిచ్చి ఉంటే ఈ ఊరు ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

సరే, ఎంత నేల కావాలి? దీని మీద ఊహలే ఎక్కువగా చెలామణీ అవుతున్నాయి కాబట్టి లెక్క వేసి చూద్దాం. నలుగురున్న ఇల్లు. మనిషికి నెలకి పది కిలోల బియ్యం అనుకుంటే ఏడాదికి 480 కిలోలు. మర ఆడించాక నూటికి 67 పాళ్లు బియ్యం వస్తుందనుకుంటే సుమారు ఏడు క్వింటాళ్ల పైచిలుకు ధాన్యం. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం రైతు దగ్గర ఎకరానికి 21 క్వింటాళ్ల దాకా కొంటోంది. ఆ దిగుబడే వస్తే మూడో వంతు ఎకరం చాలు. వాన మీద ఆధారపడే భూమి, సెలవు రోజుల సాగు అనుకుంటే అర ఎకరం వేసుకోవాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకి 400 గ్రాముల కూరగాయలు, 85 గ్రాముల పప్పులు తినమంటోంది. అంటే ఇంటికి ఏడాదికి 580 కిలోల పైన కూరగాయలు, 124 కిలోల పప్పు. నూనె రోజుకి మనిషికి 27 గ్రాములంటే ఏడాదికి దగ్గర దగ్గర 40 కిలోలు, అది గానుగ ఆడించాలంటే వంద కిలోల నువ్వులు.

ఇలా చూస్తే కూరలకి పది, పదిహేను సెంట్లు, బియ్యానికి అర ఎకరం, పప్పుకీ నూనెకీ కలిపి ఇంకో ఎకరం. నేల పరంగా ఇది అసాధ్యమేమీ కాదు. నీళ్లున్న ఎకరంన్నర పైచిలుకు నేల నలుగురి కంచం నింపగలదు. కానీ ఈ లెక్కలో ఉప్పు లేదు, బట్ట లేదు, బడి ఫీజు లేదు, ఆసుపత్రి లేదు. ఆవుంటే పాలుంటాయి, ఆవుంటే పొద్దునా సాయంత్రం మనిషి కూడా ఉండి తీరాలి. అన్నిటికంటే తేలికగా చేతికొచ్చేది కూరగాయల భాగమే. తక్కువ నేల, రోజుకి గంట పని, డబ్బు మిగులు కంటికి కనిపిస్తుంది. అందుకే ఉద్యోగం చేస్తూ మొదలుపెట్టేవాళ్లు బియ్యం, పప్పుల జోలికి పోకుండా ఆకుకూరలు, పాదులు, మునగ, కరివేపాకు, అరటి, కంద దగ్గర ఆగడం మంచిది. తిండిలో నాలుగో వంతు తన చేత్తో పండించినా అది చిన్న సంగతి కాదు.

ఇలా ఆగడాన్ని కొందరు ఓటమిగా చూస్తారు. వాళ్లతో నేను ఏకీభవించను. ఛత్తీస్‌గఢ్ పల్లెలో ప్రతి ఇంటి వెనకా 'బాడీ' ఉంటుంది. మన పెరడే. దాన్ని పొలంగా ఎవరూ లెక్కపెట్టరు. ధాన్యం పొలంలో, కూర బాడీలో. 2018 చివర వచ్చిన రాష్ట్ర ప్రభుత్వం వాగు, పశువు, పెంటగుంత, పెరడు అనే నాలుగింటినీ కలిపి 'నర్వా, గరువా, ఘురువా, బాడీ' అని ఒక పథకం పెట్టింది. 2020 జులై 20న, హరేలీ పండగనాడు, కిలో రెండు రూపాయల చొప్పున ఆవుపేడ కొనడం మొదలుపెట్టింది. ప్రభుత్వాలు మారితే పథకాలు మారతాయి. అయినా పెరడు రాజ్యం దృష్టికి ఆనడం, పేడకి ధర పలకడం నాకు సంతోషం కలిగించాయి. మా అమ్మ శ్రీకాకుళం మాటలో గెత్తం అనేదాన్ని పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ ఘురువా అనేది. ఇద్దరూ కలిసి గోతిలో ఆకులు తొక్కేవారు.

ఆవిడ దగ్గరే మాకు ఇక్కడి నేల భాష పట్టుబడింది. భాటా అంటే కంకర మొరం, మటాసీ పసుపు ఇసుక నేల, డోర్సా దానికంటే బంక, కన్హార్ నల్లరేగడి. క్వార్టర్ల దగ్గర ఎక్కువగా గట్టి మొరమే, పైన కట్టుబడి నాటి ఇటుక ముక్కలు. అటువంటి చోట మొదటి రెండేళ్లు పంట మీద ఆశ పెట్టుకోకూడదు. ఆకూ, పేడా, వంటింటి చెత్తా వేస్తూ పోవాలి. మా గోంగూరని ఆవిడ అమారీ భాజీ అనేది, మునగాకుని ముంగా భాజీ అనేది. ఆకుకూరలు తినడంలో ఛత్తీస్‌గఢ్ మనకి ఏమాత్రం తీసిపోదు. తెలుగు ఇంట్లో గోంగూర మడి, బయట అమారీ పేరు, రెండు ఇళ్ల మధ్య గింజల మార్పిడి. ఇరుగుపొరుగు లేకుండా పెరడు లేదని నాకు తెలిసింది అప్పుడే. ఒంటరి కుటుంబం గోడ కట్టుకుని అన్నీ తానే పండించుకోవడమనే ఊహ పుస్తకాల్లో బాగుంటుంది. పల్లెలో అలా బతికిన రైతు నాకు కనపడలేదు.

ఉక్కు పట్నం పెరటికి సొంత చిక్కులున్నాయి. ఎర్రదుమ్ము ఆకు మీద పేరుకుంటుంది. పరిశ్రమ దగ్గరి నేలలో బరువు లోహాలు ఉండే అవకాశం ఉంది కాబట్టి వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల ద్వారానో కృషి విజ్ఞాన కేంద్రం ద్వారానో మట్టి పరీక్ష చేయించుకోవాలి. సీసం లాంటివి కాయల్లోకి తక్కువగా, ఆకుల్లోకీ దుంపల్లోకీ ఎక్కువగా చేరతాయి. అనుమానం ఉన్నచోట ఆనప, బీర, చిక్కుడు, టమాటా వేసి, ఆకుకూరల్ని తెచ్చిన మట్టితో కట్టిన మడుల్లో పెంచడం క్షేమం. కుంపటి బూడిద అలవాటుగా మొక్కలకి వేస్తాం. కట్టెల బూడిద మంచిదే, రాక్షసి బొగ్గు బూడిద వద్దు, అందులో ఆర్సెనిక్ వంటివి ఉంటాయి. మే నెలలో ఎండ నలభై అయిదు దాకా పోతుంది, ఆ నెలంతా గుడ్డ పందిరి కింద బచ్చలి, మునగ తప్ప ఇంకేదీ బతికించాలని పంతం పట్టనక్కర్లేదు.

నీళ్ల సంగతి ఒక్కమాట. తాండుల జలాశయం 1921 నాటికి కట్టింది పొలాల కోసం. తర్వాత ఆ నీళ్లలో వాటా మరోదా చెరువు మీదుగా ప్లాంటుకీ టౌన్‌షిప్‌కీ వచ్చింది. అంటే మా ఆనపపాదుకి పోసిన గొట్టం నీళ్లు ఒకప్పుడు ఎవరి వరిమడికో పారాల్సినవి. కుళాయి కట్టేయడం మర్చిపోతే నాన్నకి అంత కోపం ఎందుకొచ్చేదో ఈ సంగతి తెలిశాక నాకు అర్థమైంది.

నేలా నీరూ ఎలాగో కుదురుతాయి. అసలు కష్టం కాలం. షిఫ్టు ఉద్యోగికి పగటి వెలుగు దొరుకుతుంది, ఇది ఆఫీసు ఉద్యోగికి లేని సౌకర్యం. ఫస్ట్ షిఫ్ట్ అయితే రెండు గంటలకి ఇంటికి, సెకండ్ షిఫ్ట్ అయితే పొద్దుటిపూట మొత్తం చేతిలో. కానీ వారం వారం మారే షిఫ్టు శరీరాన్ని అరగదీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లోనూ, మళ్లీ 2019లోనూ రాత్రి షిఫ్టు పనిని మనుషుల్లో క్యాన్సర్‌కి బహుశా కారణం కాగల పనుల జాబితాలో చేర్చింది. నైట్ షిఫ్ట్ దిగి ఎండలో పార పట్టడం నిద్రని చంపుకోవడమే. నాన్న బిందెలు నింపి, పాదులకి గొట్టం పెట్టడంతో ఆపేవారు. తవ్వకం, పందిరి కట్టడం వీక్లీ ఆఫ్‌నాడే. ఫర్నేసు దగ్గర పని చేసే మనిషి నిద్ర తక్కువై తప్పు చేస్తే అది తన ఒక్కడి ప్రాణంతో పోదు. సాగు మోజులో దీన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదని గట్టిగా చెబుతున్నాను.

ఇంకో విషయం చెప్పకపోతే అన్యాయం అవుతుంది. నాన్న పెరడు అంటున్నాను గానీ రోజూ కలుపు తీసింది అమ్మ. పురుగు ఏరింది అమ్మ, విత్తనం ఎండబెట్టి బూడిద కలిపి దాచింది అమ్మ, కాసిన కాయల్ని నాలుగిళ్లకి పంచి ఎవరింట్లో ఏం కాసిందో గుర్తుపెట్టుకున్నది అమ్మ. ఉద్యోగం చేస్తూ స్వయంపోషణ అనే కథలు ఎక్కడ చదివినా ఒక జీతమూ, రెండు జతల చేతులూ కనిపిస్తాయి. ఆ రెండో జత చేతులకి జీతం లేదు, సెలవు లేదు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో ఈ పని ఎవరి నెత్తిన పడుతుందో ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. అది తేలకుండా రెండు ఎకరాలు కొన్న ఇళ్లలో తగాదాలు చూశాను.

భూమి కొనే మోజు ఇప్పుడు బాగా ఉంది. హైదరాబాద్ చుట్టూ ఫామ్ ప్లాట్లు, ఇక్కడ దుర్గ్, బాలోద్ వైపు ఎకరం, అరెకరం ముక్కలు. ఆదివాసుల భూమి గిరిజనేతరులకి బదిలీ కాకుండా ఛత్తీస్‌గఢ్ భూరెవెన్యూ కోడ్ 165వ సెక్షన్ అడ్డుపడుతుంది. మన ఏజెన్సీలో 1/70 చట్టం ఎలాగో ఇక్కడ ఇది అలాగ. చౌకగా వస్తోందని బినామీ పేర్లతో కొనడం నేరమూ, అంతకంటే పెద్ద పాపమూ. సొంత ఊళ్లో పిత్రార్జితం ఉన్నవాళ్లది ఇంకో రకం చిక్కు. కౌలుకిచ్చిన పొలంలో జీడితోటో సరుగుడో వేసేస్తే ముప్పై ఏళ్ల తర్వాత తిరిగి వెళ్లినవాడికి తినే పంట వేసే జాగా ఉండదు. నేల ఉన్నా ఆ నేలతో మాట్లాడే అలవాటు పోతుంది. ఏ కార్తెలో ఏం చల్లాలో, ఏ గట్టు తెగుతుందో కాగితం మీద రాసి లేదు.

భూమి లేకుండా మొదలుపెట్టినవాళ్ల నుంచి మనం నేర్చుకోవలసింది ఎక్కువ. రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ శివారు నారపల్లిలో తన డాబా మీద కూరగాయలు పండించి, 'మిద్దెతోట' అనే మాటని తెలుగువాళ్ల నోళ్లలో నాటారు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి సాగులో ఇరవై సెంట్ల ముక్కని 'ఏటీఎం' నమూనా అంటున్నారు. ఒక మడి కోయగానే ఇంకోటి నాటుతూ, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక కూర ఉండేటట్టు చూసుకోవడం. ఉద్యోగస్తుడికి సరిపోయే కొలత ఇదే అని నాకనిపిస్తుంది. ఇరవై సెంట్లు ఇద్దరు మనుషులు, రోజుకి గంటన్నర పనితో మోయగలరు. అయిదెకరాలు కొన్నవాడు కూలీల మేనేజరు అవుతాడు, ఇంకో ఉద్యోగం తెచ్చుకున్నట్టే.

ఈ చర్చ మొత్తంలో కనపడనివాళ్లు కొందరున్నారు. 1980లలో భిలాయి ప్లాంటులో అరవై వేలకి పైగా పర్మినెంట్ ఉద్యోగులుండేవారు. ఆ సంఖ్య తర్వాత తగ్గుతూ వచ్చింది, ఆ ఖాళీలో కాంట్రాక్టు కూలీలు చేరారు. పని అదే, క్వార్టరు లేదు. క్వార్టరు లేదు కాబట్టి పెరడూ లేదు, కుళాయి వేళా లేదు. ప్లాంటుకి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజ్‌హరా గనుల్లో కాంట్రాక్టు కార్మికుల్ని కూడగట్టిన శంకర్ గుహ నియోగి, 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్యకి గురయ్యేదాకా, పోరాటమూ నిర్మాణమూ జంటగా నడవాలని చెప్పారు. కార్మికులు తమ డబ్బుతో, తమ చేతులతో 1983లో షహీద్ ఆసుపత్రి కట్టుకున్నారు. స్వయంసమృద్ధి అనే మాటకి ఆ ఆసుపత్రి కంటే మంచి ఉదాహరణ ఈ చుట్టుపక్కల నాకు దొరకలేదు. తమకి కావలసింది తామే కలిసి కట్టుకోవడం. పెరడు ఉన్న మేం పెరడు లేనివాళ్లతో దాన్ని ఎందుకు పంచుకోలేదన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. సెక్టర్ల ఖాళీ జాగాల్లో తోటలు వెయ్యాలన్న కోరికని యూనియన్లు జీతాల చర్చల్లో పెట్టి ఉండవచ్చు, ఇప్పుడైనా పెట్టవచ్చు. రష్యాలో యూనియన్లే ఆ ముక్కలు పంచాయి కదా.

ఉద్యోగం ఎప్పుడు మానాలి అన్న ప్రశ్నకి నాకు కనిపించే జవాబు చిన్నదే. మానడం గురించి ఆలోచించే ముందు మూడు వానాకాలాల పాటు ఉద్యోగం చేస్తూనే సాగు చేసి చూడాలి. మొదటి ఏడు ఉత్సాహం కాయిస్తుంది. రెండో ఏడు తెగులు వస్తుంది. మూడో ఏడు కూడా గొట్టం పట్టుకోవాలనిపిస్తే అప్పుడు లెక్కలు తీయొచ్చు. పదవీ విరమణ దాకా మట్టి ముట్టుకోకుండా అరవయ్యో ఏట ఎకరంలో దిగిన మనిషికి నడుమూ సహకరించదు, నేలా సహకరించదు.

నాన్న విషయంలో జరిగిందిది. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చెయ్యాల్సిన తేదీ వచ్చింది. మునగచెట్టు, రెండు అరటి పిలకలు, ఇంటికంటే ఎత్తు పెరిగిన కరివేపాకు అక్కడే ఉండిపోయాయి. పందిరి గుంజలు పీకలేదు, వచ్చేవాళ్లకి పనికొస్తాయన్నారు. ఆయన కట్టిన సామాన్లలో ఒక పాలపొడి డబ్బా ఉంది. వరి శాస్త్రవేత్త ఆర్.హెచ్. రిఛారియా రాయ్‌పూర్‌లో కూర్చుని ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి పదిహేడు వేలకు పైగా వరి నమూనాలు సేకరించాడని తర్వాత ఎప్పుడో చదివినప్పుడు నాకు ఆ డబ్బాయే గుర్తొచ్చింది. అందులో కాగితం పొట్లాలు కట్టి అమ్మ చేతిరాతతో పేర్లున్నాయి. పొట్టి ఆనప, అమారీ, ఎర్ర తోటకూర, చిక్కుడు. చిక్కుడు పొట్లం మీద మా ఊరి పేరు. నాన్న ఉద్యోగంలో చేరినప్పుడు నాన్నమ్మ చీర కొంగున ముడేసి పంపిన గింజల సంతానం అది. సెక్టర్ 2 మొరంలో ముప్పై ఎనిమిదేళ్లు కాసి, మళ్లీ విజయనగరం వైపు రైలెక్కింది.

ఊళ్లో పొలం జీడితోటగా మారిపోయింది. నాన్న ఇంటి వెనక ఆరు సెంట్లలో పందిరి వేశారు. మొన్న వెళ్లినప్పుడు చూశాను, చిక్కుడు బాగానే ఎక్కింది. కాయ కొంచెం పొట్టిగా ఉంది, అక్కడి వాళ్లెవరూ ఆ రకం వెయ్యట్లేదట. నాన్న రెండు గింజలు నా చేతిలో పెట్టి, "మీ ఫ్లాట్‌లో ఎండ ఏ వైపు పడుతుంది?" అని అడిగారు.